మామ్మ ఖాతా, అమాలా ఖతా

మా అమ్మాయి బ్రాంప్టన్ వెళ్ళి ఏడాదిన్నర అయింది. కెనడాలో టొరంటోని ఆనుకుని ఉండే ఊరది. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురు ఆడపిల్లలు కలిసి ఉంటారు. వెళ్ళిన కొత్తలో, చలి ముదురుతున్న నవంబరులో, మన తెలుగావిడే ఒకామె పిలిచి ఓ పరుపు, నాలుగు గిన్నెలు, మోకాళ్ళ దాకా వచ్చే కోటు ఇచ్చింది. డబ్బులివ్వబోతే "ఛ, నువ్వు మా అమ్మాయిలాంటిదానివి" అందట. ఫోన్లో ఈ మాట విని మా ఆవిడ కళ్ళొత్తుకుంది. నేను మాత్రం ఏమీ అనలేదు. ఒడిశా బరంపురంలో మందుల హోల్‌సేల్ షాపులో 31 ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నవాణ్ణి. పుస్తకంలోకి ఎక్కని బాకీ అంటే నాకు గుండె దడ.

సంక్రాంతికల్లా సంగతి బయటపడింది. శనివారం వస్తే ఆవిడ ఫోన్ చేస్తుంది. "కాస్త పిల్లల్ని చూస్తావా, రెండు గంటల్లో వచ్చేస్తాం." ఆ రెండు గంటలు ఏడు గంటలవుతాయి. మా అమ్మాయికి సోమవారం అసైన్‌మెంటు ఉంటుంది. అయినా నోరు పెగలదు. "నాన్నా, ఆ కోటు వేసుకున్నప్పుడల్లా ఆవిడ నా వీపు మీద కూచున్నట్టుంది" అంది. ఆవిడ చెడ్డమనిషేం కాదు, అది నాకూ తెలుసు. చిక్కల్లా ఆ కోటు ఖరీదెంతో ఎవరూ చెప్పకపోవడమే.

ఆ రాత్రి అటక మీంచి మా మామ్మ నోటుపుస్తకాలు దింపాను. మొత్తం 11. ఎర్ర అట్ట, పొడుగు పుస్తకాలు, కిరాణా కొట్లలో వాడేవి. వాటిలో సగం పేజీలు మా కుటుంబానివి కావు. చలికాలం నాలుగు నెలలూ మా ముందుగదిలో ఉండి స్వెటర్లు అమ్ముకున్న టిబెట్ ఆవిడవి.

ఆవిణ్ణి మేం అమాలా అంటాం. వాళ్ళ భాషలో అమ్మగారూ అని. అప్పట్లో మా వీధివాళ్ళు మాత్రం నేపాలీ అనేవారు. మీ ఊళ్ళోనూ అంతే అయ్యుంటుంది. దసరా వెళ్ళాక రోడ్డు పక్కన తాళ్ళకి స్వెటర్లు వేలాడదీసి, "ఒకే ధర" అని అట్టముక్క కట్టి కూచునేవాళ్ళందరూ మనకి నేపాలీలే. "నేపాలీ నుహే, తిబ్బతీ" అని ఒడియాలో రోజుకి పదిసార్లు చెప్పి చెప్పి చివరికి ఆవిడే మానేసింది.

వాళ్ళు లాసా నుంచి తిన్నగా బరంపురం వచ్చేస్తారనుకునేవాణ్ణి చిన్నప్పుడు. వాళ్ళ ఊరు మాకు మూడు గంటల బస్సు దూరం. దిగపహండి దాటి, తప్తపాణి వేడినీళ్ళ బుగ్గ దాటి, ఘాటెక్కితే చంద్రగిరి. ఇప్పుడది గజపతి జిల్లా. 1992 దాకా మా గంజాం జిల్లాలోదే. 1959లో దలైలామా ఇటు వచ్చాక వెనకే వేలమంది కొండలు దాటి వచ్చారు. వాళ్ళలో కొందరికి 1963లో ఒడిశా ప్రభుత్వం చంద్రగిరి అడవిలో భూమి ఇచ్చింది. అమాలా తొమ్మిదేళ్ళ వయసులో మంచులో నడిచి వచ్చింది. నాలుగేళ్ళు హిమాచల్ వైపు రోడ్డు పనుల్లో వాళ్ళమ్మ రాళ్ళు కొడుతుంటే పక్కన కూచుంది. పదమూడేళ్ళకి ఈ ఎండలోకి వచ్చి పడింది. "మొదటి ఎండాకాలం మా ముసలాళ్ళు వాగులో పీకల దాకా కూచునేవారు, బయటికి రామనేవారు" అని నవ్వుతూ చెబుతుంది. వాళ్ళలో ఎందరు మలేరియాకి పోయారన్నది నవ్వకుండా చెబుతుంది.

మొక్కజొన్న వేసుకున్నారు, బతికారు. మొక్కజొన్న ఒక్కదానితో ఏడాది గడవదు గనక చలికాలం స్వెటర్లు పట్టుకుని దిగారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం దాకా.

1979లో గది కోసం ఆవిడ మా వీధిలో ఆరిళ్ళు తట్టింది. మాంసం వండుతారని, వాసనని, భాష రాదని ఆరుగురూ పొమ్మన్నారు. ఏడోది మాది. మా మామ్మ జాలిపడి గదిచ్చిందని రాస్తే కథ బాగుంటుంది గానీ అది అబద్ధం. మామ్మకి డబ్బు కావాలి. నెలకి 40 రూపాయలు, వంట పెరట్లో, సొంత పొయ్యి, నూతి నీళ్ళు రోజుకి నాలుగు బాల్చీలు, అంతకు మించితే బాల్చీకి 5 పైసలు. ఇవన్నీ మొదటి పేజీలో రాసున్నాయి. బాల్చీకి 5 పైసలా అని ఇప్పటికీ నాకు సిగ్గే.

అయితే మామ్మ అన్ని లెక్కలు ఎందుకు రాసేదో తెలియాలంటే రంగం వెళ్ళాలి.

1938లో, పదహారేళ్ళప్పుడు, మామ్మ గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళింది. మావైపు రంగం అంటారు. ఈ జిల్లాల్లో కరువొచ్చినా, పెళ్ళికి అప్పయినా, అన్నదమ్ములు తగువులాడుకున్నా దారి రంగమే. తాతయ్య బియ్యం మిల్లులో కూలి. మేస్త్రీ ఓడ ఖర్చు పెట్టి తీసుకెళ్ళేవాడు, ఆ అప్పు జీతంలో కోసుకునేవాడు. మేస్త్రీ కూడా మనవాడే, తెలుగువాడే. గది అతనిదే, బియ్యం అతనివే, పండగకి పంచె అతనే పెట్టేవాడు. "మా మేస్త్రీ దేవుడు" అనేవారట అందరూ. పుస్తకం మాత్రం దేవుడి దగ్గరే ఉండేది. మూడేళ్ళు మిల్లులో బస్తాలు మోసినా తాతయ్య అప్పు రూపాయి తగ్గలేదు. ఎలాగని అడిగే చదువు తాతయ్యకి లేదు. మామ్మ పక్కగదిలో ఉండే ఒక అత్త దగ్గర అక్షరాలూ అంకెలూ నేర్చుకుంది. ఎందుకే ఈ వయసులో అంటే "మేస్త్రీ ఏటి రాత్తున్నాడో సూడాలి గదా" అందట.

చూసే వేళకి 1941 డిసెంబరు వచ్చింది, రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. మామ్మకి ఓడలో డెక్కు మీద చోటు దొరికింది. తాతయ్య అరకాను కొండల్లోంచి నడిచి వచ్చాడు. ఆ నడక గురించి తాతయ్య ఎప్పుడూ మాట్లాడలేదు. అక్కడివాళ్ళు తెలుగువాళ్ళని కొరంగీలనేవారు. మామ్మ చెప్పేది ఒక్కటే: "అక్కడ మనం ఏ ఊరోళ్ళమైనా కొరంగీలమే. ఇక్కడ ఈ పిల్ల నేపాలీ."

అందుకని మా ఇంట్లో లెక్క ఇద్దరి దగ్గరా ఉండేది. మామ్మది తెలుగులో, అమాలాది టిబెట్ లిపిలో. కనుమ మర్నాడు అమాలా మూటలు కట్టి, చంద్రగిరి బస్సెక్కే ముందు, అరుగు మీద రెండు పుస్తకాలూ తెరిచి పద్దు చూసుకునేవారు. ఒకరి రాత ఒకరికి రాదు. ఒక్కో వరుసా మామ్మ తెలుగులో చదివితే, అమాలా ఒడియాలో అంకె చెప్పాలి. తేడా వస్తే నేను. నాకు ఆరో తరగతి నుంచీ ఆ ఉద్యోగం. ఇప్పుడు చేస్తున్నదీ అదే.

మామ్మ రాసుకున్నవి: అద్దె, కిరసనాయిలు, జ్వరం మాత్రలు, గుడ్లు 2, చేబదులు 200. అమాలా రాసుకున్నవి: మా నాన్న స్వెటరు 85, మఫ్లరు, మొక్కజొన్న పిండి బస్తా, మామ్మ బజారెళ్ళినప్పుడు నన్ను చూసుకున్న పూటలు. ఆ చివరిదానికి డబ్బు కట్టేవారు కాదు. బాల్చీల్లో కట్టేవారు. పూటకి నాలుగు బాల్చీలు.

ఒక ఏడు 4 రూపాయల దగ్గర ఆగిపోయారు. మామ్మ జాడీడు మాగాయి రాసింది. అమాలా పుస్తకంలో అది లేదు. బస్సు టైమవుతోంది. మామ్మ వినదు. అప్పుడు అమాలా తనకొచ్చిన తెలుగంతా కూడగట్టి అంది: "మామ్మా, ఇచ్చినప్పుడు నువ్వు 'తిను' అంది. 'కొను' అనలేదు."

మామ్మ కాసేపు అలాగే చూసి, పడీపడీ నవ్వి, ఆ వరుస కొట్టేసింది. కొట్టేసిన గీత ఇప్పటికీ ఉంది, రెండుసార్లు గట్టిగా. ఆ తరవాత మా ఇంట్లో ఏదిచ్చినా "తిననా, కొననా?" అని అడగడం అలవాటైపోయింది. మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఇదేం పిసినారి ఇల్లురా బాబూ అనుకుందట.

పిసినారితనమే అనుకోండి. కానీ నేను లెక్కలవాణ్ణి, పుస్తకంలో ఏముందో దానితోబాటు ఏం లేదో కూడా చూస్తాను. అమాలా దగ్గర ఒక కాగితం ఉండేది, ఆర్‌సీ అంటారు. విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు. అప్పట్లో ఏటా పొడిగించుకోవాలి. 1981లో ఏదో సంతకం దగ్గర అడ్డం పడింది. ఆఫీసులో రేపు రా, ఎల్లుండి రా అన్నారు. మామ్మకి ఒడియా చదవడం రాదు, పోలీసులంటే భయం కూడాను. అయినా మా వీధి రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని వెంటేసుకుని మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి మధ్యాహ్నం దాకా బల్ల మీద కూచుని, భోజనానికి లేవబోతున్న గుమాస్తాతో "బాబూ, నేనూ పరాయి దేశంలో కాయితం పట్టుకుని నిలబడ్డదాన్నే" అందట. పని జరిగింది. పుస్తకంలో ఉన్నది: బస్సు 1.80. బస్సు 1.80. బస్సు 1.80, హెడ్మాస్టరు గారికి సోడా 0.50. అంతే. కాళ్ళకి లెక్క కట్టలేదు.

అటువైపూ అంతే. 1988లో మా అక్క పెళ్ళికి 5,000 తగ్గింది. నాన్న ఎవర్ని అడగాలో తెలీక వీధరుగు మీద కూచుంటే అమాలా లోపలికెళ్ళి నడుం దగ్గర కట్టుకున్న సంచీ విప్పింది. ఆ డబ్బు ఆవిడది కాదు. ఇది చాలామందికి తెలియదు: స్వెటర్లవాళ్ళు సరుకు లూధియానాలో అప్పు మీద తెచ్చుకుంటారు. చలికాలానికి ముందు బేళ్ళు ఎత్తి, అమ్మకం అయ్యాక వెళ్ళి లెక్క తీరుస్తారు. షావుకారు నమ్మకం పోతే వచ్చే ఏడు సరుకుండదు. ఆ సంచీలో ఉన్నది షావుకారు డబ్బు. అక్క పెళ్ళయింది. అమాలా లూధియానాకి నెల ఆలస్యంగా వెళ్ళింది, మాట పడింది. ఆ సంగతి మాకు ఆరేళ్ళ తరవాత తెలిసింది, అదీ వాళ్ళ మనిషి ఎవరో నోరు జారితే. నాన్న 11 నెలల్లో తీర్చాడు. వడ్డీ వద్దంటే మామ్మ ఊరుకోలేదు, రెండు నెలల అద్దె మాఫీ రాసింది.

అమాలా వాళ్ళకి ఇంకో లెక్క ఉండేది. బరంపురంలో అమ్మే తొమ్మిది కుటుంబాలూ సీజనుకి ఇంతని ఒక డబ్బాలో వేసేవారు. ఎవరి బేలు పోయినా, ఎవరు ఆస్పత్రి పాలైనా అందులోంచి తీసేవారు. దాన్ని కిడుక్ అంటారు. టిబెట్‌లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతేనట. మాటకి అర్థం ఏమిటని మామ్మ అడిగింది. కిడ్ అంటే సుఖం. డుక్ ఏమిటో చెప్పక్కర్లేకపోయింది. "మన సుఖదుక్కాలే గదే" అంది మామ్మ. తనకి సభ్యత్వం కావాలంది కూడా. ఇవ్వలేదు. స్వెటర్లు అమ్మేవాళ్ళకే అట. మామ్మ వారం రోజులు ముఖం మాడ్చుకుంది.

సూపర్ సైక్లోన్ అంటే అందరికీ 1999 అక్టోబరు 29 గుర్తు. గంజాంవాళ్ళకి దానికి 12 రోజుల ముందే ఒక తుఫాను తగిలింది. మా ముందుగది పెంకులు లేచిపోయాయి. దసరాకి ముందే దింపిన అమాలా బేళ్ళు ఏడింటిలో మూడు తడిసి ముద్దయ్యాయి. తడిసిన సరుకు లూధియానా వెనక్కి తీసుకోదు. ఆ పూట నేను చూసిన బేరం మళ్ళీ ఎక్కడా చూడలేదు. మామ్మకి అప్పటికి 77. "అద్దె తీసుకున్నదాన్ని నేను. నా కప్పు ఎగిరితే నీ సరుకెందుకు పాడవ్వాల? ఈ ఏటి అద్దె నాకొద్దు" అంటుంది. అమాలా "గాలికి నువ్వేం చేస్తావ్, అద్దె అద్దే" అంటుంది. ఇద్దరూ నష్టం నాదంటే నాదని అరుచుకుంటున్నారు, నాలుగు రోజులుగా కరెంటు లేదు, వీధంతా చెట్లు. సగం అద్దె దగ్గర తెగింది. కొంత కిడుక్ డబ్బాలోంచి వచ్చింది. మిగతాది, వీధిలో ఆడవాళ్ళందరూ తలా ఒక మోపు పట్టుకెళ్ళి, ఉతికి, నీడలో ఆరబెట్టి, బొగ్గుల ఇస్త్రీ పెట్టి తెచ్చారు. 1979లో పొమ్మన్న ఆరిళ్ళలో నాలుగిళ్ళవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మిగతా రెండిళ్ళవాళ్ళు అప్పటికే ఊరొదిలేశారు, ఉన్నా వచ్చేవారో లేదో చెప్పలేను.

2004లో మామ్మ పోయింది. ఎండాకాలం, స్వెటర్లవాళ్ళెవరూ ఉండరు. కబురందుకుని అమాలా వచ్చింది. మడత పెట్టిన తెల్లటి పల్చని వస్త్రం మామ్మ మెడ మీంచి కప్పింది. గౌరవంగా ఎవరినైనా పంపాలన్నా, పలకరించాలన్నా వాళ్ళు వేసేది అదే. ఖతా అంటారట. మా మామ్మకి తెలిసింది ఒక్కటే ఖాతా.

పదోరోజున మళ్ళీ వచ్చి, ఎర్ర పుస్తకం తెమ్మంది. తన పుస్తకం తీసింది. 340 రూపాయలు తన వైపు బాకీ. లెక్కపెట్టి అరుగు మీద పెట్టింది. మా అమ్మకి ఒళ్ళు మండిపోయింది. చావింట్లో చిల్లర లెక్కలేమిటని. "మనల్ని పరాయివాళ్ళని చేసేసింది" అని చాలా రోజులు అంది. నాకూ అప్పుడు అలాగే అనిపించింది. మా అమ్మాయి "వీపు మీద కూచున్నట్టుంది" అన్నాక గానీ ఆ 340 అంకె వైపు సరిగ్గా చూడలేదు. బాకీ ఉన్న మనిషి ఏడ్చినా ఎదుటివాళ్ళకి అనుమానం వస్తుంది. ఆవిడ లెక్క తీర్చేసి, ఆ తరవాత సాయంత్రం దాకా మామ్మ మంచం పక్కన కూచుని ఏడ్చింది.

ఇవన్నీ మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. గంటన్నర. "అయితే నన్నేం చెయ్యమంటావ్ నాన్నా?" అంది. ఒక కాగితం మీద రెండు వరుసలు రాయమన్నాను. ఇటు కోటు, పరుపు, గిన్నెలు. అటు శనివారాలు. బేస్‌మెంట్‌లో ఉండే ఆ నలుగురు ఆడపిల్లలూ కూరగాయల ఖర్చు ఎలాగూ ఫోన్‌లో స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రాసుకుంటారు కదా, మామ్మ పుస్తకం అదే. ఆంటీకి మాత్రం ఎందుకు రాయకూడదు? తను భయపడింది. మొత్తానికి ఒక శనివారం నవ్వుతూనే చెప్పేసిందట: "ఆంటీ, కోటు 150 డాలర్లు వేసుకున్నా, పదకొండు శనివారాలతో చెల్లు. ఇక నుంచి ఎప్పుడు కావాలో ముందే చెప్పండి, కుదిరితే వస్తా." ఆవిడ నొచ్చుకుంది. రెండు వారాలు ఫోన్ లేదు. మా ఆవిడ నన్ను నానా మాటలూ అంది, ఉన్న ఒక్క దిక్కునీ చెడగొట్టావని. మూడో వారం ఆంటీ ఫోన్ చేసి, "శనివారం ఖాళీయేనా? గంటకి ఎంతిమ్మంటావ్?" అని అడిగిందట. పులిహోర కూడా పంపింది. అది తినడానికో కొనడానికో అడిగావా అన్నాను. ఫోన్ పెట్టేసింది.

మొన్న జనవరిలో చంద్రగిరి వెళ్ళాను. ఘాటెక్కగానే చలి. జెండాలు కట్టిన తాళ్ళు, గుమ్మాలకి మొక్కజొన్న పొత్తుల గుత్తులు. జిరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద గుడి దగ్గర మన శ్రీకాకుళం టూరిస్టు బస్సులు రెండు ఆగున్నాయి, జనం సెల్ఫీలు. టిబెట్‌వాళ్ళ ఇళ్ళుండే క్యాంపులోకి మాత్రం ఎవరూ రారు. అక్కడ చిరునామా అంటే ఇప్పటికీ క్యాంపు నంబరే. సగం ఇళ్ళకి తాళాలు. పిల్లలు బెంగుళూరు, ఢిల్లీ, టొరంటో.

అమాలాకి 75 నడుస్తోంది. మోకాళ్ళు పోయాయి, స్వెటర్లు మానేసింది. పెద్దకొడుకు ఇక్కడే పుట్టాడు. 1950 జనవరి 26 తరవాత, 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు గనక ఓటరు కార్డు తీసుకున్నాడు. రెండోవాడికీ హక్కుంది, తీసుకోనన్నాడు. తీసుకుంటే టిబెట్‌ని వదిలేసినట్టేనని వాడి పట్టు. ఈ విషయం మీద అన్నదమ్ములకి పండగపూట కూడా మాటల్లేవట. ఇద్దరిలో ఎవరు కరెక్టని ఆవిడ నన్నడిగింది. నేను టీ తాగాను. అందులో వెన్నా ఉప్పూ, నలభై ఏళ్ళయినా అలవాటు కాలేదు.

అమ్మాయి ఎక్కడుందని అడిగింది. కెనడా అన్నాను. అక్కడ చలి ఎక్కువని ఆవిడకి తెలుసు. లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి మెరూన్ రంగు స్వెటరు తెచ్చింది, చివరి సీజను మిగులు. మడత విప్పి, భుజాల దగ్గర జానతో కొలిచి, సరిపోతుందంది.

"తిననా, కొననా?" అన్నాను.

"కొను" అంది. 750. ఒకే ధర. తన పుస్తకం తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, రాసుకుంది.

ఇచ్చాను. మైనస్ ఇరవైలో ఈ స్వెటరు దేనికీ పనికిరాదని చెప్పలేదు. బరంపురం వచ్చాక కొరియర్‌లో పంపితే స్వెటరు ధరకి మూడింతలు పైన అయింది. అది నా పుస్తకంలో రాసుకున్నాను, మా అమ్మాయి పేరు మీద.